నూరీకి ఉల్టా నాల్

ఆత్మకూరు చుట్టుపక్కల ఎద్దుకు నాల్ కొట్టించాలంటే షాహెదా దగ్గరికే రావాలి. వనపర్తి రోడ్డు మీద, పంక్చర్ దుకాణం వెనక, నాలుగు రేకుల కింద ఆమె పనిచేస్తుంది. నాల్ అంటే లాడమే. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు చిన్న ఇనుప బిళ్లలు. ఎద్దును నిలబెట్టి కొట్టడం కుదరదు. కాళ్లకు మోకు చుట్టి, ఒక పక్కకు లాగి పడేసి, కాళ్లన్నీ ఒక కర్రకు కట్టేశాక పని మొదలవుతుంది. మొరటుగా పడేస్తే పక్కటెముక విరుగుతుంది. షాహెదా పడేస్తే మాత్రం, ఎద్దుకే కాసేపు పడుకుందామని బుద్ధి పుట్టిందా అన్నట్టు ఉంటుంది.

నాల్ కొట్టే ఆడమనిషి అనగానే కొందరికి చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ మధ్య మహిళా దినోత్సవానికి ఒక విలేకరి వచ్చి, ఈ పనికి మీకు స్ఫూర్తి ఎవరమ్మా అని అడిగాడు. "మా అబ్బా భుజం" అన్నది షాహెదా. అతనికి అర్థం కాలేదు. గద్వాలలో తండ్రికి భుజం పట్టేసి సుత్తి ఎత్తలేకపోయిన ఏడాది, తమ్ముడు ముజీబ్ చిన్నవాడు. ఎద్దు కాళ్లు పట్టుకోవడం ఈమెకు అప్పటికే వచ్చు. అంతే సంగతి. పెండ్లయి ఆత్మకూరు వచ్చాక భర్త సుభాన్ సామాన్ల ఆటో నడుపుకుంటానన్నాడు, ఈమె నాల్ కొట్టుకుంటానన్నది. ఎవరూ ఎవరినీ విముక్తి చేయలేదు.

ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి. గుర్రాలు మొదటి నుంచీ తక్కువే. ఆమె చేతికి క్రమం తప్పకుండా వచ్చే గుర్రం ఒక్కటే, గద్వాలలో ముజీబ్ పెంచుకునే తెల్లటి ఆడ గుర్రం. పేరు నూరీ. దాన్ని ముజీబ్ రాయచూరు అవతల ఒక సంతలో కొన్నాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా పెండ్లికొడుకును ఊరేగించే బరాత్‌లకు తీసుకుపోతాడు. డీజే పాటకు అది బెదరదు. టపాకాయలకు బెదరదు. పెండ్లికొడుకు స్నేహితులు తాగి తోక పట్టుకున్నా ఓర్చుకుంటుంది. కన్నడంలో "బా" అంటేనే వస్తుంది, తెలుగులో పిలిస్తే చెవి కూడా తిప్పదు. అందుకే ముజీబ్ ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, గుర్రంతో కన్నడం మాట్లాడతాడు.

ఈ బరాత్ గుర్రానికి ఒక మర్యాద ఉంది. వరుడు ఎక్కే ముందు ఆ ఇంటి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, నానబెట్టిన శనగలూ బెల్లమూ దానికి తినిపించాలి. మేనత్త పెట్టి చిన్నమ్మ పెట్టకపోతే మాట వస్తుంది. పళ్లెం ఖాళీ కాకుండా గుర్రం కదిలితే అమంగళం. ముజీబ్ ఎన్నడూ వద్దనలేదు. పైగా ఇంటికి వచ్చాక, కష్టపడ్డది కదా అని తాను కూడా జొన్నలు పెట్టేవాడు. ఎంత పెడితే అంత ప్రేమ అనే లెక్క మన దగ్గర మనుషుల విషయంలోనూ నడుస్తుంది. దాని ఫలితాలు షుగర్ దవాఖానల ముందు బారులు తీరి కూర్చుంటాయి.

ఈ మాఘంలో ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ వరుస ముగిసిన మర్నాడు పొద్దున్నే ముజీబ్ ఫోన్ చేశాడు.

"ఆపా, నూరీ కదుల్తలేదు. ముందర కాళ్లు సాపి, గోడకు ఆనుకున్న మనిషి లెక్క ఎనక్కి ఒరిగి నిలబడ్డది. నీ మేకు లోపలికి పోయింది."

"నేను మేకు కొట్టి నెల దాటింది. లోపలికి పోతే ఆ దినమే కుంటుతుండె."

"మరి ఇదేంది?"

"వస్తున్న. అప్పటిదాక ముట్టకు."

జూరాల మీదుగా బస్సులో ఆమె గద్వాల చేరేలోపు ముజీబ్ ముట్టనే ముట్టాడు. తిమ్మిరి పట్టింది, నడిపిస్తే వదులుతుందని పక్కింటివాళ్లు అంటే, గుర్రాన్ని వీధి పొడుగునా తిప్పాడు. షాహెదా వచ్చి చూసి తాను కూడా అదే అనుకున్నది. ఎద్దుకు కాళ్లు పట్టేస్తే నడిపిస్తారు, ఆమెకు తెలిసిన వైద్యం అది. "ఇంకోసారి తిప్పు" అన్నది. నూరీ ఒక్కో కాలునూ పెనం మీద మోపినట్టు మోపింది. ఒళ్లంతా చెమట పట్టింది. అప్పుడు షాహెదా వంగి ముందు కాలి డెక్క మీద అరచెయ్యి పెట్టి, ఠక్కున తీసేసింది.

"ఆపు ముజీబ్. గోరు ఇట్ల కాలుతదా యాడన్న? ఇది నాకు తెల్వదు. డాక్టర్‌ను పిలువు."

వచ్చిన డాక్టర్ పేరు గీత. పశువుల దవాఖానలో పనిచేస్తుంది. లింగాల దిక్కు రైతుల బిడ్డ, మాటలో వంకర లేదు. గుర్రం నిలబడిన తీరు గుమ్మం దగ్గరి నుంచే చూసి అడిగింది.

"ఎవరు నడిపించిండ్రు దీన్ని?"

అక్కాతమ్ముళ్లు ఇద్దరూ నేల చూశారు.

గీత కసురుకోలేదు. కూర్చొని చెప్పింది. "డెక్క అంటే ఎముకకు తొడిగిన చెప్పు అనుకోండ్రి. ఆ ఎముకకూ చెప్పుకూ నడుమ సన్నటి పొరలుంటయి. రెండు దువ్వెనల పండ్లు ఒకదాంట్ల ఒకటి ఇరికినట్టు పట్టుకొని ఉంటయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదనే. గింజలు ఎక్కువైతే కడుపుల పులిసి, ఆ విషం రక్తంల కలిసి, పొరలు వాస్తయి. పట్టు ఊడుతది. ఇగ లోపలి ఎముక కొన కిందికి తిరుగుతది. నడిపిస్తే ఇంకా జల్ది తిరుగుతది. లామినైటిస్ అంటం."

"అంటే మేకు కాదా?" అన్నాడు ముజీబ్.

"శనగలు."

ముజీబ్ ఏ ఇంటి శనగలని పంచాయతీ పెట్టగలడు?

గింజలు బందయ్యాయి. ఎండుగడ్డి, నీళ్లు, సూదులు. చెరుకురసం బండివాడి దగ్గర ఐసు తెచ్చి బకెట్లలో డెక్కలు ముంచారు. సుభాన్ తన ఆటోలో ఇసుక తెచ్చి కొట్టంలో మోకాలి లోతు పోశాడు, డెక్క కింద మెత్తగా ఉండాలని. నూరీ చాలాసేపు పడుకునేది. లేచినప్పుడు మూలిగేది. షాహెదా ఆత్మకూరులో పని పొద్దున్నే ముగించుకుని బస్సెక్కి వచ్చేది. వచ్చిన ఎద్దులవాళ్లకు "మల్లొచ్చే సంతకు రాండ్రి" అని సుభాన్ చెప్పి పంపేవాడు.

ఎముక ఎంత తిరిగిందో చూడాలంటే ఎక్స్‌రే కావాలి. గుర్రాన్ని లారీ ఎక్కించే స్థితి లేదు. గీతకు తెలిసిన భానుప్రకాశ్ అనే కుర్రవాడు వనపర్తిలో ఒక ఎముకల దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తాడు. చేత్తో మోసుకుపోయే మిషన్ ఒకటి పట్టుకొని ఆదివారం వచ్చాడు.

"పేషెంట్ పేరు?" అన్నాడు మిషన్ సర్దుకుంటూ.

"నూరీ" అన్నాడు ముజీబ్.

"ఇంటి పేరు అడగను గని, శ్వాస బిగబట్టమని ఎవలు చెప్తరు?"

"కన్నడంల చెప్పాలె" అన్నది షాహెదా. ఆ పది రోజుల్లో ఆ కొట్టంలో నవ్వు వినబడటం అదే మొదలు.

బొమ్మ చూశాక నవ్వు లేదు. రెండు ముందు కాళ్లలోనూ ఎముక కొన కిందికి వాలింది. ఇంకాస్త వాలితే అరికాలు చీల్చుకొని బయటికి వస్తుంది.

ముజీబ్ గీత వైపు తిరిగాడు. "మేడం, నేను దీని నొప్పి సూడలేను. కాళ్లు లేని బతుకు దీనికీ వద్దు, అది సూసుడు నాకూ వద్దు. సూది ఎయ్యుండ్రి. సల్లగ పోతది."

అతను చెడ్డవాడు కాదు. అలా అడిగే హక్కు అతనికి ఉంది. జంతువును ప్రేమించేవాడు చివరిదాకా పోరాడాలని శాలువాలు కప్పుకొని చెప్పేవాళ్లు, మూలిగే గుర్రం పక్కన ఒక్క రోజు కూర్చోవాలి.

షాహెదా అతన్ని తిట్టలేదు. గీతను అడిగింది. "దీనికి దవా ఉన్నదా, లేదా? ఉన్నదంటే ఉన్నదను. లేదంటే నేనే దాని తల పట్టుకుంట."

"దవా సగం" అన్నది గీత. "మిగిలిన సగం నాల్‌ల ఉన్నది. డెక్క ముందు భాగం మీద బరువు పడకుండ, ఎనక దిక్కు పడేటట్టు ఒక ప్రత్యేకమైన నాల్ తొడగాలె. కాలేజీల ఒక పాఠం చెప్పిండ్రు, బొమ్మలు చూపిచ్చిండ్రు. నా చేతితోని ఒక్కటి గూడ చెయ్యలే. దాచేదేం లేదు."

"నేను చేతితోని చేస్త. గని ఎట్ల ఉండాలెనో నువ్వు చెప్పాలె."

"షాహెదమ్మా, ఒక మాట. మల్ల తీసే ఎక్స్‌రేల ఎముక ఇంకా దిగినట్టు కనబడితే, నేనే సూది ఎస్త. అప్పుడు అడ్డం రావొద్దు."

"రాను."

అలా ఒప్పందం కుదిరింది. నూరీ బతుకు ఆ తర్వాతి ఎక్స్‌రే మీద నిలబడింది.

పని మొదలుపెట్టబోతే మొదటి అడుగే పడలేదు. గుర్రానికి నాల్ ఎప్పుడూ నిలబెట్టే కొడతారు. ఒక కాలు ఎత్తి ఒడిలో పెట్టుకోవాలి. నూరీ ముందు కాలు ఒకటి ఎత్తాలంటే బరువంతా రెండో ముందు కాలి మీద పడాలి. ఆ కాలు కూడా మండుతూనే ఉంది. షాహెదా డెక్క పట్టుకోగానే గుర్రం మొత్తం వణికి, పడబోయి తమాయించుకున్నది.

"మొద్దుబారే సూది ఉండదా మేడం?" అన్నాడు ముజీబ్.

"ఉన్నది. గని నొప్పి తెల్వక బరువంతా మోపుతది. లోపల మిగిలిన పట్టు గూడ చిరుగుతది."

షాహెదా గుర్రాన్నీ ఇసుకనూ చూసింది. "పడేద్దాం" అన్నది.

ముజీబ్ ఉలిక్కిపడ్డాడు. "గుర్రాన్నా?"

"గుర్రాన్నే."

"ఎద్దు లెక్క పడేస్తవా? బరాత్ గుర్రాన్ని? పడిన గుర్రం మీద మల్ల ఎవడన్న ఎక్కుతడా ఆపా? దాదా ఇంటే..." చనిపోయిన తాతను గుర్తుచేశాడు.

"దాదా ఇనడు. ఇసుక మీద బొంతలు పరువు."

గుర్రాన్ని పడేయడమంటే గుర్రాలవాళ్లకు పరువు పోవడం. చచ్చిన గుర్రమే నేల మీద పడుతుందని వాళ్ల నమ్మకం. నూరీ అప్పటికే రోజులో సగం సేపు నేల మీదే ఉంటున్నదన్న సంగతి ముజీబ్ లెక్కలో లేదు. దానంతట అది పడుకుంటే జబ్బు, మనం పడుకోబెడితే అవమానం. గీత మాత్రం ఆలోచించింది. పెద్ద జంతువును పడుకోబెట్టడంలో ఊపిరికి ప్రమాదం ఉంటుంది, కడుపు ఖాళీగా ఉండాలి, మత్తు సరిగ్గా తూచి ఇవ్వాలి, పని త్వరగా ముగియాలి. ఇవన్నీ చెప్పి, "చేద్దాం" అన్నది.

నాల్ ఇనుముతో వద్దన్నది గీత. సుత్తి దెబ్బ లోపలి పొరలకు తగులుతుంది. చెక్కతో చేయాలి, అడుగున గుండ్రంగా. ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. షాహెదా తుమ్మ చెక్క తెచ్చి, డెక్క కొలతకు మందంగా కోసి, అంచులు నున్నగా చేసింది. డెక్క అడుగుకూ చెక్కకూ మధ్య నింపడానికి, పళ్ల డాక్టర్లు అచ్చు తీసే మెత్తటి ముద్దను గీత వనపర్తిలో సంపాదించింది. అన్నీ కలిపి బిగించి చుట్టడానికి, విరిగిన కాళ్లకు వేసే గట్టి పట్టీ భానుప్రకాశ్ తెచ్చాడు.

ఆ పొద్దున నూరీ మత్తుకు తల వాల్చింది. షాహెదా దాని నడుముకు ఒక మెత్తటి మోకు మాత్రం వేసింది. "లాగొద్దు. అది ఒరిగే దిక్కుకు దారి సూపు, అంతే" అని సుభాన్‌కు చెప్పింది. మోకాళ్లు వంగాయి. నూరీ బొంతల మీదికి, ఎవరూ తొయ్యకుండానే, ఒదిగి పడుకున్నది. ముజీబ్ దాని తల ఒళ్లో పెట్టుకొని కండ్లకు గుడ్డ కప్పాడు. పాత నాల్ ఊడదీసే పటకారు, ఆకురాయి, కత్తి, ముద్ద, చెక్క, పట్టీ. పని ముగిసేసరికి గీత గడియారం కంటే షాహెదా చెయ్యే ముందుంది.

నూరీ లేచింది. నిలబడింది. మునుపటి కంటే కాస్త నిటారుగానే. ముజీబ్ "అల్లా" అన్నాడు. కానీ మర్నాటికి అది మళ్లీ పడుకుంది. పక్కకు తిరగబోయినప్పుడల్లా పళ్లు కొరుకుతూ మూలిగింది. గీత వచ్చి, వంగి, చెక్క ముందు అంచు మీద వేలు పెట్టింది.

"ఇదేంది? ఈ మొన ఇంత ముందుకు ఎందుకున్నది?"

"మొన కాపాడాలె గదా."

"ఎవరన్నరు?"

"మా అబ్బా. మొన ముట్టొద్దు, ఎద్దు మొన మీదనే గుంజుతది అని."

"ఇది ఎద్దు కాదు షాహెదమ్మా. నువ్వు మేకు పీకేటప్పుడు సుత్తి తలను చెక్కకు ఆనించి ఎనక్కి వంచుతవు గదా? కాలు ఎత్తిన ప్రతిసారి ఈ అంచు గట్లనే పనిచేస్తున్నది. ఎముక మీది నుంచి డెక్కను పీకుతున్నది."

షాహెదాకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. పట్టుకున్న ఆకురాయి కింద పెట్టి, మళ్లీ తీసుకున్నది.

"సాలు ఆపా" అన్నాడు ముజీబ్. "దాన్ని ఎన్నిసార్లు పడేస్తవు? సూది ఎయ్యనియ్యి."

"తప్పు నాదిరా. తప్పు జేసింది నేనైతే సూది దానికెందుకు? ఇంకొక్కసారి."

గీత వెంటనే ఒప్పుకోలేదు. ఇంత తొందరగా మళ్లీ మత్తు మంచిది కాదన్నది. కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, నూరీ గుండె విన్నది. "ఇదే ఆఖరుసారి. దీంతోని నిలబడకపోతే..." అని ఆపేసింది. మిగిలింది ఎవరికీ చెప్పనక్కర లేదు.

ఈసారి షాహెదా తుమ్మ చెక్క పక్కన పెట్టేసింది, బరువని. రెండు పొరల ప్లైవుడ్ అతికించి, చుట్టూ అంచులు గిన్నె అడుగులా చెక్కింది. ముందు అంచును బాగా వెనక్కి, దాదాపు డెక్క మధ్యదాకా తెచ్చింది. కాలు ఎటు వంచినా దొర్లాలి, ఎక్కడా తట్టుకోవద్దు. నూరీని మళ్లీ పడుకోబెట్టారు. డెక్క మొన కోయాల్సి వచ్చినప్పుడు ఆమె చెయ్యి ఆగింది. తండ్రి దగ్గర నేర్చుకున్న పనిలో మొదటి మాటే అది, ముట్టొద్దని. "ఎంతవరకు?" అన్నది. గీత డెక్క మీద పెన్నుతో గీత గీసింది. షాహెదా ఆ గీతదాకా కోసింది. తండ్రి బతికుంటే ఆమెను తన సుత్తితోనే తరిమేవాడు.

తర్వాత కొన్నాళ్లు పెద్దగా ఏమీ జరగలేదు. మంచి వైద్యం చూడటానికి విసుగ్గా ఉంటుంది. నూరీ ఇసుకలో నిలబడి గడ్డి నమిలేది. మూలుగు తగ్గింది. పళ్లెంలో గింజలు లేవని మాత్రం ముజీబ్ వైపు నీలాపనిందలు వేసినట్టు చూసేది. ఒక పొద్దున షాహెదా వచ్చేసరికి అది గోడవైపు నుంచి వాకిలివైపు తిరిగి నిలబడి ఉంది, దానంతట అదే. భానుప్రకాశ్ రెండో ఎక్స్‌రే తీశాడు. గీత రెండు బొమ్మలూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి, చిన్నవి చేసి చూసింది.

"దిగలే" అన్నది. "ఎక్కడ ఉండెనో అక్కడనే ఉన్నది."

"పేషెంట్ మంచిగనే ఉన్నది" అన్నాడు భానుప్రకాశ్. "ఎంబడి ఉన్నోళ్లనే దవాఖానల జేర్చాలె."

సూది మాట అప్పటికి వాయిదా పడింది. పోలేదు. డెక్క పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో ఒక్క తప్పు జరిగినా మొదటికే వస్తుందని గీత హెచ్చరించింది. మనిషి బరువు వీపు మీద ఎక్కితే మరీ ప్రమాదం. "బరాత్ మాట మర్చిపోండ్రి" అన్నది. ముజీబ్ తల ఊపాడు. తల ఊపడం వేరు, మర్చిపోవడం వేరు.

వానాకాలం వచ్చింది. చెక్క తడికి ఉబ్బి, పొరలు విచ్చుకోసాగింది. ఇక ఇనుప నాల్ వేయొచ్చు అన్నది గీత, కాకపోతే ఉల్టా. గుర్రపు నాల్ ఒక పక్క మూసి ఒక పక్క తెరిచి ఉంటుంది. మామూలుగా మూసిన పక్క ముందుకు, తెరిచిన పక్క మడమవైపుకు. నూరీకి తిరగేసి కొట్టాలి. అప్పుడు నొప్పి ఉన్న మొన కింద ఇనుము ఉండదు, మడమ కింద గట్టి ఆధారం ఉంటుంది. పడుకోబెట్టి, సన్నటి మేకులతో, వెనక భాగంలో మాత్రమే, అదిరినా అదరనట్టు చిన్న దెబ్బలతో షాహెదా కొట్టింది.

ముజీబ్ చూసి తల పట్టుకున్నాడు. "ఇండ్ల ముందట జనం మంచిదని నాల్ కొట్టుకుంటరు. మనం ఉల్టా కొడితే ఏమంటరు?"

"ఏమన్న అననియ్యి. దాని కాళ్లు వాళ్లకున్నయా?"

నూరీ ఉల్టా నాల్‌తో వాకిలి దాటి వీధిలోకి వచ్చింది. కుంటు కనబడీ కనబడనట్టుంది. అసలు గండం అక్కడ మొదలైంది. బాగుపడని గుర్రాన్ని ఎవరూ అడగరు. శ్రావణంలో వనపర్తి దగ్గరి పల్లె నుంచి శంకరయ్య అనే పెద్ద రైతు ఫోన్ చేశాడు. పెద్ద కొడుకు పెండ్లికి నూరీయే వచ్చింది, చిన్న కొడుకు పెండ్లికీ నూరీయే కావాలి. ముజీబ్ సరేనన్నాడు. అక్కకు చెప్పలేదు. సుభాన్‌కు చెప్పాడు. సుభాన్‌కు చెప్తే షాహెదాకు చెప్పినట్టే.

ఆమె మధ్యాహ్నం బస్సుకు దిగింది.

"ఒక్క బరాత్ ఆపా. మెల్లగ నడిపిస్త. పిల్లగాడు సన్నగనే ఉంటడు."

"వద్దు."

"నా గుర్రం."

"గుర్రం నీదేరా. ఎవరు గాదన్నరు? ఆ డెక్కలు మాత్రం నావి. వాటిని ఇడిసిపెట్టి తీస్కపో."

"మరి నేనేం తినాలె? గుర్రం కొట్టంల నిలబడి గడ్డి తింటే, నేను గూడ దాని పక్కపొంటి నిలబడి గడ్డి తినాల్నా?"

"తెల్వదు. ఏమన్న సూద్దాం. గని నూరీ మీద మనిషి ఎక్కడు."

వాదన అలా ఉండగానే శంకరయ్య స్వయంగా వచ్చాడు, గుర్రం ఎట్లుందో కండ్లతో చూసి పోదామని. వాన వెలిసిన నేల మెత్తగా ఉంది. నూరీ వీధి చివరి నుంచి కొట్టందాకా నడిచిన గుర్తులు తేటగా పడి ఉన్నాయి. శంకరయ్య ముసలివాడు, పశువుల మనిషి. నడిచిన జాడ చూడకుండా పశువును చూడడు. వంగి చూశాడు. కొట్టంవైపు చూశాడు. మళ్లీ వంగాడు.

"ఇదేంది ముజీబ్? గుర్రం లోపల ఉన్నది. జాడ సూస్తే బయటికి పోయినట్టున్నది?"

ముజీబ్ అక్క వైపు చూశాడు.

షాహెదా ముందుకు వచ్చింది. ఎముక, పొరలు, శనగలు, అన్నీ చెప్పాలనుకున్నది. మొదలు కూడా పెట్టింది. "అది గాదు పెద్దయ్యా, దాని డెక్కకు రోగం. అందుకే నాల్ ఉల్టా కొట్టిన..."

"ఉల్టానా?"

"ఉల్టానే. మొన దిక్కు..."

శంకరయ్యకు మిగిలింది వినబడలేదు. తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "ఉల్టా నాల్ గుర్రం మీద నా కొడుకును ఎక్కియ్యాల్నా? బరాత్ ఎనక్కి పోతదా, ముందుకు పోతదా? వద్దు బిడ్డా. మీ గుర్రానికి మంచిగ గావాలె. మేం కార్ పెట్టుకుంటం."

చెప్పులేసుకొని వెళ్లిపోయాడు. షాహెదా అబద్ధం ఆడలేదు, ఆయన నిజం వినలేదు. మూఢనమ్మకాల మీద సభల్లో ఎంతైనా మాట్లాడొచ్చు. ఆ రోజు గద్వాలలో ఒక గుర్రం వీపు మీద మనిషి ఎక్కకుండా ఆపింది మాత్రం వైద్యశాస్త్రం కాదు. గీతకు ఈ సంగతి చెప్తే పడీపడీ నవ్వి, "నేను ఎండకాలం సంది చెప్తున్న, నా మాట ఇనలే" అన్నది.

ముజీబ్ నవ్వలేదు. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఉల్టా నాల్ గుర్రమని పేరు పడింది. పిలుపులు ఆగిపోయాయి. కొన్నాళ్లు అక్కతో మాట్లాడలేదు. ఆమె వచ్చేసరికి గడ్డి వేసి, కొట్టం ఊడ్చి, బజారుకు పోయేవాడు. ఆమె కూడా బతిమాలలేదు. వచ్చి, డెక్కలు కడిగి, చూసి, పోయేది. చివరికి సుభానే మధ్యలో పడి, పెండ్లిళ్ల రోజుల్లో తన ఆటో ఇచ్చాడు. ముజీబ్ ఆ ఆటోలో బరాత్ లైట్లూ జనరేటరూ మోస్తున్నాడు. ఇష్టంగా కాదు. గుర్రం మీద పోయేవాడి ముందు నడిచిన మనిషి, డీజే బండి వెనక పొగ పీలుస్తూ పోవడం ఎవరికైనా కష్టమే. కానీ పోతున్నాడు. పొద్దున నూరీకి గడ్డి వేసి పోతున్నాడు.

దసరా దాటాక ఇనుము మార్చే సమయం వచ్చింది. డెక్క పైభాగం నుంచి కొత్త పెరుగుదల సగం దాటి దిగింది. పాత భాగం గరుకుగా, గీతలు గీతలుగా ఉంటే, కొత్తది నున్నగా ఉంది. గీత మత్తు సూది సిద్ధం చేసుకొని వచ్చింది. భానుప్రకాశ్ సెలవు పెట్టి మరీ వచ్చాడు. ముజీబ్ ఆ రోజు బజారుకు పోలేదు. బొంతలు తెచ్చి ఇసుక మీద పరిచాడు. అక్కవైపు చూడకుండానే "తల నేను పట్టుకుంట" అన్నాడు.

"పట్టుకో" అన్నది షాహెదా.

ఆమె మోకు తీసుకోలేదు. నూరీ ఎడమ భుజం పక్కన నిలబడి, చెయ్యి భుజం మీది నుంచి మోకాలిదాకా, అక్కడి నుంచి డెక్కదాకా దించింది, మామూలు గుర్రానికి చేసినట్టు. గీత "షాహెదమ్మా, తొందర..." అని ఆగిపోయింది.

నూరీ ఒకసారి చెవులు వెనక్కి పెట్టింది. బరువు కుడి ముందు కాలి మీదికి జరిపింది. వణకలేదు. ఎడమ డెక్కను ఇసుకలో నుంచి దానంతట అదే ఎత్తి, షాహెదా చేతిలో పెట్టింది.

షాహెదా దాన్ని తన తొడల మధ్య ఇరికించుకొని పటకారు కోసం చెయ్యి చాపింది. గీత సూదికి మూత పెట్టి, పటకారు తీసి అందించింది. తల పట్టుకున్న ముజీబ్ మెడ చాపి డెక్కవైపు చూడబోయాడు, పగ్గం ఊగింది.

"నువ్వు కదలకురా" అన్నది షాహెదా, మొదటి మేకు వంపు తీస్తూ. "అది సక్కగనే నిలబడ్డది."